తెల్లబట్ట: ఏది సహజం, ఏది జబ్బు, డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి

తెల్లబట్ట అవుతోందని దిగులుపడే స్త్రీలలో చాలామందికి జబ్బేమీ ఉండదు. నిజంగా జబ్బు ఉన్నవారిలో చాలామంది అది ముదిరేదాకా ఎవరితోనూ చెప్పరు. రెండింటికీ కారణం ఒకటే. యోని ఎలా పనిచేస్తుందో, ఏ స్రావం మామూలుదో, ఏది కాదో ఇంట్లోగానీ బడిలోగానీ మనకు చెప్పేవారు లేరు. తల్లి కూతురికి చెప్పే మాటలు సాధారణంగా నెలసరి దగ్గరే ఆగిపోతాయి. ఆ తరువాత చెవిన పడేవన్నీ "ఒంట్లో వేడి చేసింది", "ఎముకలు కరిగి పోతున్నాయి", "గర్భసంచికి పుండు పడింది" వంటి మాటలే.

ముందుగా ఎముకల సంగతి తేల్చుకోవాలి. తెల్లబట్టలో ఉండేవి నీరు, గర్భసంచి ముఖద్వారం నుంచి వచ్చే జిగురు, యోని గోడల నుంచి రాలిన పాత కణాలు, అక్కడ సహజంగా ఉండే బ్యాక్టీరియా. ఎముకకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. మామూలుగా రోజంతా కలిపినా ఈ స్రావం ఒక టీస్పూనుకు మించదు. తెల్లబట్టతో పాటు నీరసం, నడుము నొప్పి, కళ్లు తిరగడం కూడా ఉన్నాయంటే వాటికి వేరే కారణం వెతకాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 15–49 ఏళ్ల స్త్రీలలో సగం కంటే ఎక్కువ మందికి రక్తహీనత ఉంది. కాబట్టి నీరసంగా ఉన్న స్త్రీ మొదట చేయించుకోవలసినది హిమోగ్లోబిన్ పరీక్ష. వేడి తగ్గడానికని సబ్జా నీళ్లు, మజ్జిగ తాగితే నష్టమేమీ లేదు గానీ, ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు వాటితో సరిపెట్టుకుని నెలలు గడపడం మాత్రం నష్టమే.

లోపల జరుగుతున్నది ఏమిటి

యోని తనను తాను శుభ్రం చేసుకునే అవయవం. ఆడపిల్ల పెద్దమనిషి అయ్యే వయసు నుంచి అండాశయాలు విడుదల చేసే ఈస్ట్రోజన్ వల్ల యోని గోడలు మందమవుతాయి, వాటి కణాల్లో గ్లైకోజన్ అనే పిండిపదార్థం నిల్వ చేరుతుంది. లాక్టోబాసిల్లస్ అనే బ్యాక్టీరియా ఆ పిండిపదార్థాన్ని ఆధారం చేసుకుని లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేస్తుంది. పాలను తోడుకునేలా చేసే సూక్ష్మజీవులకు ఇవి దగ్గరి బంధువులు. ఈ ఆమ్లం వల్లే ఆరోగ్యంగా ఉన్న యోనిలో పీహెచ్ సుమారు 3.8 నుంచి 4.5 మధ్య, అంటే పుల్లటి స్థాయిలో, ఉంటుంది. ఆ పులుపులో హానికరమైన సూక్ష్మజీవులు అంత సులభంగా పెరగలేవు. స్రావానికి కొద్దిగా పుల్లటి వాసన ఉండడం కూడా ఇందువల్లనే. అసలు ఏ వాసనా లేకుండా ఉండాలనుకోవడం వ్యాపార ప్రకటనలు నేర్పిన కోరిక.

ఈ ఏర్పాటు ఈస్ట్రోజన్ మీద ఆధారపడి ఉంటుంది కనుక వయసును బట్టి మారుతుంది. రజస్వల కాని చిన్నపిల్లల్లో, ముట్లుడిగిన స్త్రీలలో ఈ పులుపు తక్కువ, గోడలు పలచన. రక్తం, వీర్యం రెండూ ఆమ్లతను తగ్గిస్తాయి. అందువల్ల నెలసరి చివరి రోజుల్లోనూ, కలయిక తరువాత ఒక పూటపాటూ వాసనలో కొంత తేడా కనిపించడం సహజం. రెండు మూడు రోజుల్లో అది దానంతట అదే సర్దుకోవాలి.

మీ మామూలు స్థితి ఏదో ముందు తెలుసుకోండి

పక్కింటి వారితోనో, అక్కచెల్లెళ్లతోనో పోల్చుకోవడం వల్ల ప్రయోజనం లేదు. కొందరికి ఎప్పుడూ పొడిగానే ఉంటుంది. కొందరికి రోజూ లోదుస్తు తడుస్తుంది. రెండూ ఆరోగ్యమే కావచ్చు. అందుకే మీకు ఏది మామూలో మీరే గమనించుకోవాలి. రెండు మూడు నెలల పాటు ఫోన్ క్యాలెండరులోనో, వంటింట్లో వేలాడే తెలుగు క్యాలెండరులోనో నెలసరి మొదలైన రోజును గుర్తు పెట్టుకుని, స్రావం రంగు, చిక్కదనం, వాసన, దురద ఉన్నదీ లేనిదీ ఒక్కొక్క మాటలో రాసుకుంటే చాలు.

ఇరవై ఎనిమిది రోజులకు నెలసరి వచ్చే స్త్రీని తీసుకుంటే, ముట్టు ఆగిన మొదటి కొన్ని రోజులు దాదాపు ఏమీ కనిపించదు. తరువాత తెల్లగా, కొంచెం జిగటగా వస్తుంది. పద్నాలుగో రోజు చుట్టుపక్కల, అండం విడుదలయ్యే వేళకు, అది గుడ్డు తెల్లసొనలా పారదర్శకంగా మారి, రెండు వేళ్ల మధ్య సాగదీస్తే తెగకుండా సాగుతుంది. అప్పుడు పరిమాణం కూడా ఎక్కువే. మళ్లీ నెలసరి దగ్గర పడే కొద్దీ చిక్కబడి, తెల్లగా తగ్గిపోతుంది. లోదుస్తు మీద ఆరిన తరువాత లేత పసుపు మరకగా కనిపించడం చూసి చాలామంది భయపడతారు. గాలి తగిలి ఆరినప్పుడు తెల్లని స్రావం అలా కనిపిస్తుంది. చూడవలసినది తాజాగా ఉన్నప్పటి రంగు. గర్భంతో ఉన్నప్పుడు, కుటుంబ నియంత్రణ మాత్రలు వాడుతున్నప్పుడు, కాపర్ టీ వేయించుకున్న తరువాత, లైంగిక కోరిక కలిగినప్పుడు స్రావం పెరుగుతుంది. దురద, మంట, చెడు వాసన లేనంతవరకు వీటిలో దేనికీ మందు అవసరం లేదు.

మార్పును ఎలా చదవాలి

ఇంతకు ముందు మీకు లేనిది కొత్తగా కనిపిస్తే అప్పుడు శ్రద్ధ పెట్టాలి. ఎక్కువగా ఎదురయ్యేవి మూడు.

మొదటిది ఫంగస్ వల్ల వచ్చే కాండిడా ఇన్‌ఫెక్షన్. ప్రతి నలుగురు స్త్రీలలో ముగ్గురికి జీవితంలో ఒక్కసారైనా వస్తుందని అంచనా. దీని ప్రధాన లక్షణం దురద. రాత్రి నిద్ర పట్టనివ్వనంత దురద. స్రావం చిక్కగా, తరకలు తరకలుగా, తెల్లగా ఉంటుంది. వాసన పెద్దగా ఉండదు. బయటి చర్మం ఎర్రబడి, గోకడం వల్ల చిన్న చీలికలు ఏర్పడి, మూత్రం తగిలితే మండుతుంది. జ్వరానికో గొంతు నొప్పికో యాంటీబయోటిక్ వాడిన వారం పది రోజుల్లో, గర్భంతో ఉన్నప్పుడు, షుగరు అదుపులో లేనప్పుడు ఇది వచ్చే అవకాశం ఎక్కువ. ఇక్కడ ఒక విషయం ప్రత్యేకంగా చెప్పాలి. మధుమేహానికి ఇప్పుడు విరివిగా రాస్తున్న డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు చక్కెరను మూత్రం ద్వారా బయటికి పంపిస్తాయి. ఆ చక్కెర చర్మం మీద నిలిచి ఫంగస్‌కు ఆహారమవుతుంది. ఈ మాత్రలు మొదలుపెట్టిన తరువాత దురద వస్తే, మాత్ర మీ అంతట మీరు మానేయకుండా, షుగరు డాక్టరుకు ఆ సంగతి తప్పక చెప్పాలి. షుగరు ఉన్నట్టు ఇంతవరకు తెలియని స్త్రీకి కాండిడా ఏడాదిలో మూడు నాలుగు సార్లు తిరగబెడుతుంటే రక్తంలో చక్కెర పరీక్ష తప్పనిసరి. మధుమేహం ఉందన్న సంగతి ఈ దురదతోనే మొదటిసారి బయటపడిన వారు తక్కువేమీ కాదు.

రెండవది బ్యాక్టీరియల్ వజైనోసిస్. ఇందులో బయటి నుంచి కొత్త క్రిమి ఏదో దాడి చేయడం కంటే, లోపలి లాక్టోబాసిల్లస్ తగ్గిపోయి దాని చోట ఇతర బ్యాక్టీరియా పెరగడమే జరిగేది. స్రావం పలచగా, బూడిద రంగు కలిసిన తెలుపులో ఉండి, చేపల వాసన వేస్తుంది. కలయిక తరువాత ఆ వాసన మరింత ఘాటుగా ఉంటుంది. దురద సాధారణంగా ఉండదు. వాసన పోవాలని సబ్బుతోనో ద్రావణంతోనో లోపల కడిగితే మిగిలిన లాక్టోబాసిల్లస్ కూడా పోయి జబ్బు పెరుగుతుంది. గర్భిణికి ఇది వస్తే నెలలు నిండకుండా కాన్పు అయ్యే ప్రమాదం కొంత పెరుగుతుంది కనుక లక్షణాలుంటే తప్పక చెప్పుకోవాలి.

మూడవది ట్రైకోమోనియాసిస్. కలయిక ద్వారా వచ్చే పరాన్నజీవి దీనికి కారణం. పసుపు లేదా ఆకుపచ్చ రంగులో, కొన్నిసార్లు నురగతో కూడిన స్రావం, మంట, దుర్వాసన, కలయికలో నొప్పి కనిపిస్తాయి. మగవారికి చాలాసార్లు ఏ లక్షణమూ ఉండదు. అందువల్ల "నాకేమీ లేదు, నాకెందుకు మందు" అని భర్త తప్పుకుంటే భార్య ఎన్నిసార్లు వైద్యం చేయించుకున్నా అది తిరిగి వస్తూనే ఉంటుంది. ఇద్దరూ ఒకేసారి మందు వాడి, అది పూర్తయి ఇద్దరికీ లక్షణాలు తగ్గేదాకా, కనీసం ఒక వారమైనా, కలయికకు దూరంగా ఉండాలి.

గనోరియా, క్లమీడియా వంటి సుఖవ్యాధులు స్త్రీలలో చాలాసార్లు నిశ్శబ్దంగానే ఉంటాయి. అవి గర్భసంచి, అండవాహికల వరకు పాకితే పొత్తికడుపు నొప్పి, జ్వరం వస్తాయి; వైద్యం ఆలస్యమైతే అండవాహికలు మూసుకుపోయి పిల్లలు కలగకపోవడం, గర్భసంచి బయట గర్భం నిలవడం వంటి ప్రమాదాలున్నాయి.

దురద అంతా లోపలి జబ్బే కాదు. గజ్జల్లో మొదలై తొడల వైపు గుండ్రంగా అంచుకట్టి పాకేది తామర. చిన్నపిల్లలు రాత్రిళ్లు గోక్కుంటూ ఏడుస్తుంటే నులిపురుగులు కావచ్చు. ముట్లుడిగిన స్త్రీకి బయటి చర్మం తెల్లగా, పలచగా, కాగితంలా మారి విపరీతంగా దురద పెడుతుంటే అది చర్మ వ్యాధి కావచ్చు. దానికి వైద్యం ఉంది, అయితే నిర్లక్ష్యం చేయకూడదు. ఇక మంట సంగతి: మూత్రం పోస్తున్నంతసేపు లోపల నుంచి మంట, చుక్కలు చుక్కలుగా మాటిమాటికీ రావడం ఉంటే అది మూత్రనాళ ఇన్‌ఫెక్షన్ వైపు సూచిస్తుంది, మూత్రం బయటి చర్మాన్ని తాకినప్పుడు మాత్రమే మండితే యోని లేదా చర్మం సమస్య వైపు సూచిస్తుంది. డాక్టరుకు ఈ తేడా చెప్పగలిగితే సగం రోగ నిర్ధారణ మీరు చేసినట్టే.

మందుల షాపు దగ్గర ఆగిపోవద్దు

ఇన్ని తేడాలు చదివిన తరువాత ఏ జబ్బో మనమే తేల్చుకుని మందు కొనుక్కోవచ్చనిపిస్తుంది. అలా తేల్చుకోవడంలో పొరపాటు జరిగే అవకాశం చాలా ఎక్కువ. రెండు ఇన్‌ఫెక్షన్లు ఒకేసారి ఉండడమూ మామూలే. షాపులో కౌంటరు అవతలి మనిషికి సిగ్గుపడుతూ "దురదకు ఏదైనా ఇవ్వండి" అని చెబితే, తరచూ చేతికి వచ్చేది స్టెరాయిడ్, యాంటీబయోటిక్, ఫంగస్ మందు మూడూ కలిపిన ట్యూబు. క్లోబెటాసాల్ వంటి ఘాటైన స్టెరాయిడ్ రాసిన రెండో రోజుకే దురద మాయమవుతుంది, అందుకే దానికి అంత పేరు. కానీ ఫంగస్ లోపల పెరుగుతూనే ఉంటుంది, చర్మం పలచబడుతుంది, మానేసిన వారానికి దురద రెట్టింపుగా తిరిగి వస్తుంది. ట్యూబు కొనేముందు దాని మీద ఉన్న మందుల పేర్లు చదవండి. పేరు "సాల్" లేదా "సోన్"తో ముగిసే మందు ఉంటే అది స్టెరాయిడ్ కావచ్చు, డాక్టరు చెప్పకుండా అక్కడ రాయకండి.

డాక్టరు ఒకసారి పరీక్షించి కాండిడా అని చెప్పి, కొన్నాళ్లకు అచ్చం అవే లక్షణాలు తిరిగి వచ్చినప్పుడు క్లోట్రిమజోల్ పెసరీ (యోని లోపల పెట్టుకునే ఫంగస్ మందు బిళ్ల) వంటివి వాడుకోవడం వేరు. మొదటిసారి వచ్చినప్పుడు, గర్భంతో ఉన్నప్పుడు, పదహారేళ్లలోపు పిల్లకు, మందు వాడినా వారంలో తగ్గనప్పుడు, సొంత వైద్యం పనికిరాదు. ముఖ్యంగా ఫంగస్‌కు నోటితో మింగే ఫ్లూకోనజోల్ మాత్ర గర్భిణులు వేసుకోకూడదు. వారికి లోపల పెట్టుకునే మందులే ఇస్తారు. డాక్టరు ఏడు రోజులు వాడమంటే మూడో రోజుకు తగ్గినా ఏడు రోజులూ వాడాలి.

ఖర్చు గురించి వెనకాడేవారికి ఒక మాట. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ జబ్బులకు జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ రూపొందించిన రంగురంగుల మందుల కిట్లు ఉచితంగా ఇస్తారు. యోని స్రావానికి ఇచ్చేది ఆకుపచ్చ కిట్. జిల్లా ఆసుపత్రుల్లో, బోధనాసుపత్రుల్లో సురక్ష క్లినిక్ అన్న బోర్డు ఉన్న గది ఇందుకోసమే. తెలంగాణలో 2023 మార్చి 8న ఆరోగ్య మహిళ పేరుతో మంగళవారాల్లో స్త్రీలకు ప్రత్యేకంగా చూసే క్లినిక్‌లు మొదలుపెట్టారు. మీ ఊరికి దగ్గరలో ఏ రోజు ఏది ఉందో ఆశా కార్యకర్తనో, ఏఎన్ఎంనో అడిగితే చెబుతారు.

శుభ్రత: తక్కువ చేయడమే మేలు

కడగవలసినది బయటి భాగాన్ని మాత్రమే. రోజుకు ఒకటి రెండుసార్లు మామూలు నీళ్లు చాలు. సబ్బు వాడాలనుకుంటే వాసన లేనిది, బయటి చర్మానికి మాత్రమే, కొద్దిగా. వేలితో గానీ పైపుతో గానీ లోపల కడగకూడదు. క్రిమిసంహారక ద్రావణం కలిపిన నీళ్లు, పటిక, పసుపు, వేపాకు కషాయం, వెల్లుల్లి రెబ్బ, ఇవేవీ లోపలికి వెళ్లకూడదు. వేప, పసుపు మంచివే కదా అని అనేవారికి నా సమాధానం ఒక్కటే: కంట్లో కారం పోసుకోము, అది వంటకు ఎంత మంచిదైనా. ఇంటిమేట్ వాష్‌లు అవసరం లేని ఖర్చు. యోనిని బిగుతు చేస్తామనే, తెల్లగా చేస్తామనే క్రీములు అంతకంటే చెడ్డవి.

మల విసర్జన తరువాత ముందు నుంచి వెనక్కి కడుక్కోవాలి. నూలు లోదుస్తులు వాడి, ఎండలో ఆరేయాలి. ఎవరికీ కనిపించకూడదని చీర చాటున, మంచం కింద ఆరేసే గుడ్డలు తడిగా ఉండిపోయి ఫంగస్‌కు నిలయమవుతాయి. నెలసరిలో ప్యాడును నాలుగు నుంచి ఆరు గంటలకు ఒకసారి, రక్తం తక్కువగా ఉన్నా సరే, మార్చాలి. మెన్‌స్ట్రువల్ కప్పును పన్నెండు గంటలకు మించి లోపల ఉంచకూడదు. నెలసరి లేని రోజుల్లో కూడా తెల్లబట్ట కోసమని రోజంతా ప్యాడు పెట్టుకోవడం వల్ల చెమట నిలిచి చర్మం ఒరుసుకుపోతుంది. దానికంటే లోదుస్తు రెండుసార్లు మార్చుకోవడం మేలు.

తెల్లబట్టకు గర్భసంచి తీసేస్తామంటే

తెలుగువారు ఈ విషయాన్ని ఇతరుల కంటే ఎక్కువ జాగ్రత్తగా చదవాలి. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం ఉన్నారు. పిల్లలు పుట్టడం అయిపోయింది, ఇక ఆ సంచితో పనేముంది అన్న ఆలోచన ఇంట్లో, ఆపరేషన్ చేస్తే వచ్చే డబ్బు కొన్ని ఆసుపత్రుల్లో, మధ్యలో "ఇప్పుడు తీయకపోతే క్యాన్సర్ అవుతుంది" అన్న బెదిరింపు: ఈ మూడూ కలిసి ముప్పై అయిదేళ్ల స్త్రీని కూడా ఆపరేషన్ బల్ల ఎక్కించిన సందర్భాలు మన పల్లెల్లో లెక్కలేనన్ని.

గర్భసంచికి పుండు పడిందని అలాంటి ఆసుపత్రుల్లో చూపించేది చాలాసార్లు పుండే కాదు. గర్భసంచి ముఖద్వారం లోపలి వైపు ఉండే ఎర్రని, మెత్తని పొర కొందరిలో బయటి వైపుకు విచ్చుకుని కనిపిస్తుంది. వయసులో ఉన్నవారిలో, గర్భిణుల్లో, కుటుంబ నియంత్రణ మాత్రలు వాడేవారిలో ఇది సర్వసాధారణం. ఆ పొర జిగురును ఎక్కువగా విడుదల చేస్తుంది కనుక తెల్లబట్ట కూడా ఎక్కువగా అనిపిస్తుంది. కలయిక తరువాత ఒక్కోసారి రక్తపు మరక కనిపించవచ్చు. దీనికి చేయవలసినది క్యాన్సర్ పరీక్ష ఒకటి చేసి, ఏమీ లేదని నిర్ధారించుకోవడం. ఆ తరువాత చాలామందికి ఏ వైద్యమూ అక్కరలేదు. ఇది క్యాన్సర్‌గా మారదు.

గర్భసంచిని తీయవలసిన సందర్భాలు లేకపోలేదు: క్యాన్సర్, మందులకు లొంగని అధిక రక్తస్రావం, ఇబ్బంది పెట్టే పెద్ద గడ్డలు, బాగా జారిపోయిన గర్భసంచి వంటివి. తెల్లబట్ట ఒక్కటే ఆ జాబితాలో లేదు. చిన్న వయసులో గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఒక్కసారిగా ముట్లుడిగిన స్థితి వచ్చి, ఒంట్లో ఆవిర్లు, ఎముకల బలహీనత, గుండె జబ్బుల ముప్పు పెరుగుతాయి. అండాశయాలను ఉంచినా ముట్లుడిగే స్థితి కొంత ముందుగానే రావచ్చు. ఎముకలు కరిగి పోతున్నాయన్న భయంతో చేయించుకున్న ఆపరేషనే ఎముకలను బలహీనపరచడం ఇందులోని విషాదం. అనవసరపు ఆపరేషన్లను అరికట్టడానికి కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలను ఆదేశించింది.

ఆపరేషన్ మాట వచ్చినప్పుడు అడగవలసిన ప్రశ్నలు ఇవి. జబ్బు పేరేమిటి? ఏ పరీక్షలో తేలింది, ఆ కాగితం ఏది? మందులతో లేదా చిన్న చికిత్సతో ప్రయత్నించామా? అండాశయాలను ఉంచుతారా? ఈ నెల కాకుండా రెండు నెలలు ఆగితే ఏమవుతుంది? సమాధానాలు కాగితం మీద తీసుకుని, ఆ ఆసుపత్రితో సంబంధం లేని మరో గైనకాలజిస్టుకు, వీలైతే ప్రభుత్వ బోధనాసుపత్రిలో, చూపించాలి. రేపే చేరమని తొందరపెట్టే చోట రేపు చేరకపోవడమే మంచిది. నిజమైన అత్యవసరం ఏదో కింద చెబుతున్నాను.

ఆలస్యం చేయకూడనివి

కొన్నింటికి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. వాహనం లేకపోతే 108కి ఫోన్ చేయాలి. నెల తప్పి పొత్తికడుపులో ఒక వైపు తీవ్రమైన నొప్పి, రక్తపు మరకలు, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే గర్భసంచి బయట గర్భం నిలిచి ఉండవచ్చు. గంటకొక ప్యాడు చొప్పున వరుసగా రెండు మూడు గంటలు తడిసిపోయేంత రక్తస్రావం, చెడు స్రావంతో పాటు జ్వరం, పొత్తికడుపు నొప్పి, వాంతులు కూడా ఇందులోకే వస్తాయి. గర్భిణికి రక్తం కనిపించినా, నీళ్లలా పలచటి ద్రవం ఆగకుండా కారుతున్నా అది తెల్లబట్ట అనుకుని ఇంట్లో కూర్చోకూడదు. అది ఉమ్మనీరు కావచ్చు. బాలింతకు కాన్పు తరువాత నాలుగు నుంచి ఆరు వారాల వరకు స్రావం రంగు మారుతూ తగ్గిపోవడం సహజమే గానీ, దుర్వాసన, చలిజ్వరం వస్తే "పురిటి వేడి" అని సరిపెట్టుకోకూడదు.

కొన్నింటికి అదే గంటలో పరుగెత్తనక్కరలేదు గానీ, ఈ వారంలోనే చూపించుకోవాలి. కలయిక తరువాత రక్తం, రెండు నెలసరుల మధ్య రక్తం, నీళ్లలా వచ్చే దుర్వాసనతో కూడిన లేదా రక్తం కలిసిన స్రావం, మానని పుండు, గడ్డ. అన్నిటికంటే ముఖ్యంగా, ఏడాదికి పైగా నెలసరి ఆగిపోయిన స్త్రీకి ఒక్క చుక్క రక్తం కనిపించినా అది పరీక్షించవలసినదే. "మళ్లీ ముట్టు వచ్చింది" అని నవ్వుకుని వదిలేసిన పెద్దవారిలో కొందరికి గర్భసంచి క్యాన్సర్ ఆలస్యంగా బయటపడుతుంది. చాలాసార్లు కారణం యోని పొడిబారడం వంటి చిన్నదే అయి ఉంటుంది, దానికి పైపూతగా వాడే ఈస్ట్రోజన్ క్రీము చక్కగా పనిచేస్తుంది; కానీ చిన్నదేనని తేల్చవలసినది పరీక్ష.

చిన్నపిల్లలకు, అంటే రజస్వలకు ముందు, రంగు లేదా వాసన ఉన్న స్రావం మామూలు కాదు. లోపల చిన్న వస్తువు ఇరుక్కుని ఉండవచ్చు, ఇన్‌ఫెక్షన్ కావచ్చు, ఎవరైనా పిల్ల మీద అఘాయిత్యం చేసి ఉండవచ్చు. పిల్లను కోప్పడకుండా, భయపెట్టకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. పదిహేనేళ్లు దాటినా రజస్వల కాకుండా, నెలనెలా పొత్తికడుపు నొప్పితో మెలికలు తిరిగే పిల్లకు యోని ద్వారం పొరతో మూసుకుని రక్తం లోపలే నిలిచిపోతూ ఉండవచ్చు. చిన్న ఆపరేషన్‌తో అది సరిపోతుంది.

అత్యాచారానికి గురైన స్త్రీ ఫిర్యాదు ఇచ్చినా ఇవ్వకపోయినా వైద్యానికి వెంటనే వెళ్లవచ్చు. ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులు రెండూ ఉచితంగా చికిత్స చేయాలని చట్టం చెబుతోంది. గర్భం రాకుండా, హెచ్ఐవి సోకకుండా ఇచ్చే మందులు 72 గంటలలోపు, ఎంత త్వరగా అయితే అంత మంచిది, మొదలుపెట్టాలి. హింసకు గురైన స్త్రీలకు సాయపడే సఖి కేంద్రం, 181 మహిళా హెల్ప్‌లైన్ నంబరు సహాయానికి ఉన్నాయి.

డాక్టరు గదిలో

రక్తస్రావమే సమస్య అయితే తప్ప, ముట్టు లేని రోజున వెళ్లండి. ముందు రెండు రోజులు లోపల ఏ మందూ పెట్టుకోకుండా, కలయికకు దూరంగా ఉంటే పరీక్ష ఫలితం స్పష్టంగా వస్తుంది. శుభ్రంగా వెళ్లాలని బయలుదేరే ముందు లోపల కడిగితే డాక్టరు చూడవలసిన ఆధారం కాస్తా పోతుంది. చివరి నెలసరి మొదలైన తేదీ, వాడుతున్న మందుల పేర్లు, షుగరు ఉన్నదీ లేనిదీ, ఇప్పటికే రాసిన ట్యూబు ఉంటే ఆ ట్యూబు వెంట తీసుకువెళ్లండి. "అక్కడ బాగాలేదు మేడమ్" అని ఆగిపోతే డాక్టరు ఊహించుకోవలసి వస్తుంది. "పది రోజులుగా దురద, రాత్రిపూట ఎక్కువ, పెరుగులా తెల్లగా వస్తోంది, వాసన లేదు" అని ఒక్క వాక్యంలో చెప్పడం మేలు. నోటితో చెప్పలేకపోతే కాగితం మీద రాసి ఇవ్వండి. డాక్టర్లకు అది కొత్త కాదు.

పరీక్ష ఇలా జరుగుతుంది. మోకాళ్లు మడిచి, కాళ్లు ఎడంగా పెట్టి వెల్లకిలా పడుకోమంటారు, మీద దుప్పటి కప్పుతారు. మొదట బయటి చర్మాన్ని చూస్తారు. తరువాత స్పెక్యులమ్ అనే రెండు రెక్కల పరికరాన్ని నెమ్మదిగా లోపలికి పెట్టి, గోడలనూ గర్భసంచి ముఖద్వారాన్నీ చూసి, దూది పుల్లతో కొంచెం స్రావం తీస్తారు. దాన్ని పీహెచ్ కాగితానికి తాకించి, మైక్రోస్కోపు కింద చూస్తారు. ఒత్తిడి అనిపిస్తుంది గానీ తీవ్రమైన నొప్పి ఉండకూడదు; నొప్పి ఉంటే ఆపమని చెప్పే హక్కు మీకుంది. డాక్టరు మగవారైతే గదిలో నర్సు ఉండాలని అడగండి. అక్కనో అమ్మనో వెంట ఉండనివ్వమని కూడా అడగవచ్చు. ఎప్పుడూ కలయిక జరగని అమ్మాయి ఆ సంగతి ముందే చెప్పాలి. ఆమెకు స్పెక్యులమ్ లేకుండా, బయటి నుంచి తీసిన నమూనాతో, పొట్ట మీద నుంచి చేసే స్కానింగుతో చూస్తారు. పెళ్లి కాలేదని గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లకుండా ఆగడం అర్థం లేనిది. ఒకవేళ డాక్టరే "పెళ్లి కాకుండా ఇదేమిటి" అని ఎత్తిపొడిస్తే, వేరే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ముప్పై ఏళ్లు దాటిన వారు, ఏ లక్షణమూ లేకపోయినా, అక్కడికి వెళ్లినప్పుడే గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ పరీక్ష అడగాలి. ప్రభుత్వ కార్యక్రమంలో 30 నుంచి 65 ఏళ్ల వారికి అయిదేళ్లకు ఒకసారి ముఖద్వారానికి పలచటి ఎసిటిక్ ఆమ్లం పూసి ఒక నిమిషం ఆగి చూస్తారు. తెల్లబడిన మచ్చ ఉంటే తదుపరి పరీక్షకు పంపుతారు. ప్రైవేటులో పాప్ స్మియర్ (ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసేది), హెచ్‌పీవీ (ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్) పరీక్షలు ఉన్నాయి. మచ్చ కనిపించడమంటే క్యాన్సర్ ఉన్నట్టు కాదు. దానికి తరువాతి మెట్టు ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో పరీక్షించే కాల్పోస్కోపీ, అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షించే బయాప్సీ. ఈ క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి కారణమైన హెచ్‌పీవీ 16, 18 రకాలను టీకా అడ్డుకుంటుంది. దాన్ని ఆడపిల్లలకు 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేయించడం ఉత్తమం. టీకా వేయించుకున్నవారు కూడా ముప్పై దాటాక పరీక్ష మానకూడదు.

మందు పూర్తయిన వారానికి కూడా లక్షణాలు తగ్గకపోతే అదే చీటీతో మళ్లీ మందుల షాపుకు కాకుండా, అదే డాక్టరు దగ్గరికి వెళ్లి, ఈసారి స్రావాన్ని ల్యాబుకు పంపమని అడగండి. రిపోర్టులన్నీ ఒక ఫైలులో, తేదీల వారీగా పెట్టుకోండి.